కత్తులు నూరుతున్న చప్పుడు



ఈ ఏటి ఉపన్యాసానికి నన్ను పిలిచి, విషయం మీ ఇష్టం అన్నారు. నాకు వెతుక్కునే పని లేకపోయింది. తొమ్మిదో తరగతిలో మాస్టారు మాకు ఇంగ్లిష్ చెప్పేవారు. ఒకరోజు పాఠం మధ్యలో పుస్తకం మూసి, బోర్డు తుడిచి, చాక్‌పీసుతో పై మూల నుంచి కింది మూలకు వంకరటింకరగా ఒక గీత గీశారు. గీత చివర చిన్న ఓడ. తర్వాత ఆ గీత వెంబడి టకటకా చుక్కలు పెట్టుకుంటూ పోయారు. ‘‘ఇది గడ్డకట్టిన సముద్రంరా. ఈ చుక్కలు మనుషులు. ఓడలో ఒక ఆడపిల్ల శవం ఉంది, తెచ్చుకోవడానికి ఊరంతా నడిచి వెళ్తోంది. స్వీడన్ వాళ్ళ సినిమా. నేను చూళ్ళేదు, చదివాను’’ అన్నారు. బెల్లు కొట్టారు. ఆయన ఆ చుక్కల్ని తుడవకుండానే వెళ్ళిపోయారు.

పాతికేళ్ళ తర్వాత ఆ సినిమా నా కంటపడింది. తెల్లటి మంచు మీద నల్లటి మనుషులు. నల్లబోర్డు మీద తెల్లచుక్కలతో మాస్టారు మాకు ఆ రోజు నెగటివ్ చూపించారని అప్పుడు తెలిసింది.

ఆ సినిమా పేరు స్వీడిష్‌లో ‘హెర్ ఆర్నెస్ పెంగర్’. 1919లో వచ్చింది. ఇంగ్లిష్ వాళ్ళు దాన్ని ‘సర్ ఆర్నేస్ ట్రెజర్’ చేశారు. అక్కడే చిన్న తకరారు. ‘హెర్’ అంటే మనం పేరు చివర పెట్టే ‘గారు’ లాంటిది. ఆ రోజుల్లో చర్చి పురోహితుణ్ణి అలా పిలిచేవారు. ‘పెంగర్’ అంటే డబ్బు, అంతే. నిధీ కాదు, నిక్షేపమూ కాదు. తెలుగులో అయితే ‘ఆర్నేగారి సొమ్ము’ అని హాయిగా సరిపోతుంది. సొమ్మొకడిది, సోకొకడిది అనే మాట మనకుంది కదా, ఈ కథకు ఆ మాట కూడా సరిగ్గా అతుకుతుంది. ఎందుకో ముందు ముందు చెప్తాను.

కథ రాసినావిడ సెల్మా లాగర్‌లోఫ్. 1858లో వెర్మ్‌లాండ్ ప్రాంతంలో మోర్‌బాక అనే ఎస్టేటులో పుట్టింది. చిన్నప్పటి నుంచీ కాలి అవిటితనం. పెద్దవాళ్ళు చెప్పే కథలు వింటూ పెరిగింది. ఇల్లు అప్పులపాలై అమ్ముడుపోయింది. ఆవిడ లాండ్స్‌క్రూనా అనే ఊళ్ళో ఆడపిల్లల బడిలో టీచరుగా పనిచేస్తూ 1891లో మొదటి నవల ‘యోస్టా బెర్లింగ్ సాగా’ అచ్చువేసింది. 1909లో నోబెల్ బహుమతి వచ్చింది. సాహిత్యంలో ఆ బహుమతి అందుకున్న తొలి మహిళ ఆవిడే. పోయిన పుట్టింటి ఎస్టేటును మళ్ళీ కొనుక్కుంది కూడా. తర్వాత్తర్వాత స్వీడన్ 20 క్రోనార్ల నోటు మీద ఆవిడ బొమ్మ వేశారు. శాపం తగిలిన సొమ్ము గురించి కథ రాసినావిడ చివరికి సొమ్ము మీదికే ఎక్కింది.

ఇక కథ. పదహారో శతాబ్దం, పశ్చిమ తీరం, బోహుస్లెన్ ప్రాంతం. సోల్‌బెర్య అనే చోట ఆర్నేగారనే ముసలి పురోహితుడు. ఆయన ఇంట్లో ఓక్ చెక్క పెట్టె నిండా వెండి నాణేలు. పాత మఠాల నుంచి చేతులు మారి వచ్చిన సొమ్ము, అచ్చిరాదని లోకుల మాట. ఒక శీతాకాలం రాత్రి ముగ్గురు మనుషులు ఇంటి మీద పడి, ఇంట్లో అందరినీ చంపి, ఇల్లు తగలబెట్టి, పెట్టె లాక్కుపోతారు. ఎల్సలిల్ అనే అనాథ పిల్ల ఒక్కతే దాక్కుని బతుకుతుంది. ఆ ఇంటి మనవరాలితో కలిసి అక్కచెల్లెళ్ళలా పెరిగిన పిల్ల. చేపలమ్ముకునే తోరారిన్ ఆమెను మార్‌స్ట్రాండ్ రేవుకు, తన ఇంటికి తీసుకెళ్తాడు. ఆ రేవులోనే ముగ్గురు స్కాటిష్ దొరలు, స్వదేశం వెళ్ళే ఓడ కోసం కాచుకుని ఉంటారు. సముద్రం గడ్డకట్టి ఓడ కదలదు. ఆ ముగ్గురిలో సర్ ఆర్చీ అనే అందగాడికీ ఎల్సలిల్‌కూ మనసు కలుస్తుంది. అతనే హంతకుడు.

ఇంతవరకూ చెప్తే మన వీధినాటకం కథలాగే ఉంటుంది. లాగర్‌లోఫ్ దీన్ని చెప్పిన తీరు వేరు. నేను ఈ సాయంత్రం మాట్లాడదలచుకున్నదంతా ఆ తీరు గురించీ, ఒక మూకీ సినిమా దాన్ని ఎలా పట్టుకుంది అన్నదాని గురించీ.

ఆమె కథ మొత్తం చెవుల మీద నడుస్తుంది. హత్య జరిగే రాత్రి ఆర్నేగారి ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నారు. పొయ్యి మండుతోంది, బల్ల మీద సమృద్ధిగా తిండి. ఉన్నట్టుండి ముసలావిడ, ఆర్నేగారి భార్య, చేతిలోది వదిలేసి అడుగుతుంది: బ్రానెహోగ్‌లో కత్తులు నూరుతున్నారెందుకు? బ్రానెహోగ్ అంటే ఆ చుట్టుపక్కల ఉన్న ఇంకో చోటు, ఇక్కడి నుంచి వినబడే దూరంలో లేదు. అందరూ చెవులు రిక్కిస్తారు. ఎవరికీ ఏమీ వినబడదు.  ఆవిడ మాత్రం ఊరుకోదు. వినబడుతోంది, మీకు వినబడట్లేదా అంటుంది. ఆ ఒక్క వాక్యం తర్వాత ఆ గదిలో తిండి ఎవరికీ సయించదు. చదివేవాడికి కూడా.

కథ పొడవునా ఇదే వరస. గోడ పక్కన గుసగుసలు, చచ్చిన పిల్ల మాటలు, మద్యశాలలో చాటు నుంచి వినబడ్డ రహస్యం. ఇలాంటి కథను శబ్దమే లేని సినిమాగా తీయాలని పూనుకోవడం చేపను చెట్టెక్కించబోవడం లాంటిది.

పూనుకున్నవాడు మారిట్జ్ స్టిల్లర్. 1883లో హెల్సింకీలో యూదు కుటుంబంలో పుట్టాడు. చిన్ననాడే తల్లీ తండ్రీ పోయారు. అప్పటికి ఫిన్లాండ్ రష్యా జారు చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. సైన్యంలో చేరమని పిలుపొస్తే తప్పించుకుని స్వీడన్ చేరాడు. నాటకాల్లో వేషాలు వేశాడు. 1912లో చార్లెస్ మాగ్నూసన్ అనే నిర్మాత అతన్నీ, విక్టర్ షోస్ట్రోమ్‌నీ తన స్వెన్స్కా బియోగ్రాఫ్‌తియాతర్న్ కంపెనీలోకి తీసుకున్నాడు. తర్వాత పదేళ్ళకు పైగా స్వీడిష్ సినిమాను ఈ ఇద్దరూ మోశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో స్వీడన్ తటస్థంగా ఉంది. తక్కిన దేశాల స్టూడియోలు కుంటుతుంటే వీళ్ళకు కలిసొచ్చింది. మాగ్నూసన్ ఒక తెలివైన పని చేశాడు. సినిమాలు తక్కువ తీద్దాం, ఖర్చు ఎక్కువ పెడదాం, జనం చదివిన పుస్తకాలు తీద్దాం అనుకున్నాడు. లాగర్‌లోఫ్ పుస్తకాలు వరసగా తెరకెక్కాయి.

ఇద్దరు దర్శకులకూ రచయిత్రితో ఉన్న పొత్తు వేరువేరు. షోస్ట్రోమ్ వినయంగా ఆవిడ ఇంటికి వెళ్ళి, ఆవిడదే ‘మృత్యువు బండి’ కథకు రాసుకున్న స్క్రిప్టు మొత్తం చదివి వినిపించాడు. స్టిల్లర్ ఆ బాపతు కాదు. పుస్తకంలో తనకు కావలసింది తీసుకుని తక్కింది తోసేసేవాడు. తర్వాతి సినిమాల విషయంలో ఆవిడకు అతని మీద బాగా కోపం వచ్చింది. రచయిత్రి కోపంలో న్యాయం ఉంది. కానీ ఈ సినిమా వరకూ నేను స్టిల్లర్ పక్షమే. గుస్తావ్ మొలాండర్‌తో కలిసి అతను రాసుకున్న స్క్రిప్టులో పుస్తకాన్ని కాదని చేసిన మొదటి మార్పే సినిమాను నిలబెట్టింది.

పుస్తకం తోరారిన్‌తో మొదలవుతుంది. మంచు దారిలో బండి, దాని మీద అతను, వెంట కుక్క. హంతకులెవరో మనకు వెంటనే చెప్పరు. జంతు చర్మాలు కప్పుకున్న ముగ్గురు తోలుపనివాళ్ళని మాత్రం తెలుస్తుంది. సినిమా అలా కాదు. మొదటి రీలులోనే ఆ ముగ్గురినీ చూపించేస్తుంది. స్వీడన్ రాజు మూడో యోహాన్ దగ్గర కూలి సైనికులుగా పనిచేసిన స్కాట్లు, కుట్ర అనుమానం మీద జైల్లో పడ్డారు. గుండ్రటి బురుజు. కాపలావాడు ఆ గుండ్రటి నడవలో నడుస్తుంటే కెమెరా కూడా అతని వెంట తిరుగుతుంది. 1919లో కెమెరా ఇలా కదలడం మామూలు విషయం కాదు. అక్కణ్ణుంచి తప్పించుకుని, చినిగిన బట్టలతో, తిండి లేక, రోజుల తరబడి మంచులో నడిచి నడిచి వాళ్ళు మనుషుల్లా కాకుండా పోవడం మనం చూస్తాం.

దీనివల్ల జరిగిందేమిటి? హంతకుడెవరు అనే ప్రశ్న మాయమైంది. దాని స్థానంలో ఇంకా కష్టమైన ప్రశ్న వచ్చి కూర్చుంది. మార్‌స్ట్రాండ్ వీధిలో ఈకల టోపీ, మంచి అంగీ, కత్తి ఒరతో నవ్వుతూ నిలబడ్డ సర్ ఆర్చీని చూస్తే మనకు తెలుసు, ఎల్సలిల్‌కు తెలియదు. ఆ రాత్రి తాను చాటు నుంచి చూసిన మృగాలు ఈ దొరలేనని ఆమె ఎలా పోల్చుకుంటుంది? బట్టలు మారాయి కదా. సొమ్మొకడిది సోకొకడిది అన్నది ఇందుకే. ఆ ఈకలూ ఆ అంగీలూ ఆర్నేగారి వెండితోనే కొన్నవి.

చారిత్రక చిత్రం అనగానే మనవాళ్ళకు కిరీటాలు, పట్టుబట్టలు, పెద్ద పెద్ద సెట్లు గుర్తొస్తాయి. తప్పేం లేదు, నేనూ జానపద సినిమాల పిచ్చివాణ్ణే. కానీ ఎక్కువ సినిమాల్లో బట్ట కంటికి ఇంపు కోసం ఉంటుంది. ఇక్కడ బట్ట సాక్ష్యం. చినిగినది ఒక వేషం, మెరిసేది ఇంకో వేషం, మధ్యలో హత్య. పైగా ఆ బట్టలకు బరువుంది. తడిసి బిగుసుకున్న ఉన్నితో మోకాలు మడిచేటప్పుడు నటులు పడే తిప్పలు చూడండి. అది నటన కాదు, చలి.

ఇప్పుడు ఆ భోజనం బల్ల దగ్గరికి మళ్ళీ వద్దాం. ముసలావిడ కత్తుల చప్పుడు వింటుంది. చప్పుడు మనకెలా వినిపించాలి? వాద్యకారుడితో కత్తి నూరే శబ్దం చేయించొచ్చు, హాల్లో ఎవరో ఒకరు చేసే ఉంటారు కూడా. మన దేశంలోనూ సినిమాకు మాట రాకముందే దానికి గొంతు పెట్టాలని తహతహలాడినవాళ్ళున్నారు. రఘుపతి వెంకయ్యగారు క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించి, బొమ్మతో పాటు గ్రామఫోను పాట వినిపిస్తూ ఊళ్ళు తిరిగారు. స్టిల్లర్ ఆ దారిన పోలేదు. ముసలావిడ ముఖం చూపిస్తాడు. తర్వాత ఆవిడ విన్నదాన్ని మనకు చూపిస్తాడు: ఎక్కడో కత్తులకు పదును పెడుతున్న మనుషులు. వెంటనే మళ్ళీ బల్ల చుట్టూ ఏమీ వినబడని ముఖాలు. ఒక తమాషా గమనించండి. బల్ల దగ్గరున్న వాళ్ళలాగే మనకూ ఏమీ వినబడదు, మనది మూకీ కాబట్టి. కానీ ముసలావిడలాగా మనకూ తెలుసు. టాకీ అయి ఉంటే ఆ చప్పుడు ఒకటి వినిపించి ఊరుకునేవాళ్ళు, ఆవిడకు వినబడ్డది అందరికీ వినబడేది, ఆవిడ ఒంటరితనం పోయేది. 1954లో మొలాండరే ఇదే కథను రంగుల్లో, మాటలతో మళ్ళీ తీశాడు. పాతదాన్ని తలుచుకున్నంతగా దాన్నెవరూ తలుచుకోరు.

హత్యాకాండను కూడా స్టిల్లర్ చూపించడు. మంటలు చూపిస్తాడు, మంచు మీద పెట్టెను ఈడ్చుకుపోతున్న ముగ్గురినీ చూపిస్తాడు. ఆ పెట్టె ఎంత బరువో వాళ్ళ నడుములు చెప్తాయి.

చనిపోయిన మనవరాలు దయ్యమై వస్తుంది. ఇది కెమెరామన్ జూలియస్ యాన్సోన్ చేతి పని. ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. దయ్యం కావాలంటే ముందు నటుణ్ణి పెట్టి ఒకసారి తీయాలి. తర్వాత లెన్సుకు మూత పెట్టి, ఎన్ని చుట్లు తిప్పారో లెక్కపెట్టుకుని ఫిల్మును వెనక్కి చుట్టాలి. నల్లటి తెర ముందు దయ్యం వేషం కట్టిన అమ్మాయిని నిలబెట్టి, అదే ఫిల్ము మీద, అదే వేగంతో, మళ్ళీ తిప్పాలి. లెక్క ఒక్క చుట్టు తప్పితే దయ్యం గోడలోంచి కాక సర్ ఆర్చీ నెత్తిలోంచి బయటికొస్తుంది. కంప్యూటర్ లేదు, లాబొరేటరీలో అతికేది లేదు, పొరపాటైతే మొదటి నుంచీ తీసుకోవడమే. మన మార్కస్ బార్ట్‌లీగారి కెమెరా విద్యలు చూసి మురిసిపోయినవాళ్ళు ఈ పాత పెద్దమనిషికి కూడా ఒక దండం పెట్టొచ్చు. రెండేళ్ళ తర్వాత ‘మృత్యువు బండి’లో యాన్సోన్ ఇదే విద్యను ఇంకా పొరలు పొరలుగా చేసి చూపించాడు. ఈ సినిమాలో మాత్రం పొదుపుగా వాడాడు. పిల్ల దయ్యం అరవదు, కళ్ళెర్రజేయదు. మంచు మీద సర్ ఆర్చీ వెనకే మెల్లగా నడిచి వస్తుంది, అంతే. హంతకుడు వెనక్కి తిరిగి చూస్తాడు. ఆ చూపులో మొదటిసారి అతనిలో మనిషి కనిపిస్తాడు. రిచర్డ్ లుండ్ అనే నటుడు చేసిన మంచి పనల్లా ఆ మెడ తిప్పడంలోనే ఉందని నాకనిపిస్తుంది.

ఆ దయ్యమే ఎల్సలిల్‌ను మద్యశాలకు నడిపిస్తుంది. అక్కడ స్కాట్ల మాటలు ఆమె చెవిన పడతాయి. ఇక్కడ కూడా మనకు మాట వినబడదు. వింటున్న ముఖం కనబడుతుంది. ఎల్సలిల్ వేషం వేసిన మేరీ జాన్సన్ అప్పటికి ఇరవై మూడేళ్ళ పిల్ల. ఏడుపు లేదు, గుండెలు బాదుకోవడం లేదు. విన్నది ముఖం మీదికి రావడానికి కొంచెం సమయం తీసుకుంటుంది. మూకీ నటులంతా కళ్ళు పెద్దవి చేసి చేతులూపుతారని ఎవరైనా అంటే, వాళ్ళను కూర్చోబెట్టి ఈ ఒక్క ఘట్టం చూపించండి.

ఆమె అతన్ని పట్టించాలనుకుంటుంది. కాపలావాళ్ళకు కబురు పెడుతుంది. మళ్ళీ మనసు ఒప్పక అతన్ని హెచ్చరిస్తుంది. కాపలావాళ్ళు ఈటెలతో చుట్టుముట్టినప్పుడు, ఆ ప్రేమికుడు, ఆ దొర, ఆ పిల్లను ఎత్తి తన రొమ్ముకు అడ్డంగా పట్టుకుంటాడు. డాలులాగా. పుస్తకంలో ఎల్సలిల్ తనే ఒక ఈటెను పట్టుకుని గుండెకు గురిపెట్టుకుంటుంది. సినిమాలో ఈటె వచ్చి దిగుతుంది. ఈ ఒక్కచోట లాగర్‌లోఫ్ రాసిందే నాకు ఎక్కువ ఇష్టం. ఆ పిల్ల చేతిని స్టిల్లర్ ఆమెకు దక్కనీయలేదు.

పాపం, అతను ఆమెను మోసుకునే ఓడ చేరతాడు. ఓడ కదలదు. చుట్టూ సముద్రం విచ్చుకుంటోంది, ఈ ఓడ ఉన్న చోటు తప్ప. నావికులకు అనుమానం వస్తుంది: ఇందులో పాపాత్ములెవరో ఉన్నారు, అందుకే మంచు వదలట్లేదు. ముగ్గురినీ పట్టి అప్పగిస్తారు. నేను పదే పదే చూసేది ఈ మంచునే. హంతకులను మొదట నడిపించి తీసుకొచ్చిందీ అదే, పారిపోకుండా పట్టుకుందీ అదే. న్యాయాధికారి అని విడిగా ఒకడు ఈ కథలో లేడు.

మంచును తీయడం ఎంత కష్టమో ఒక్క మాట. అప్పటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు రంగు అందదు, నీలం మరీ ఎక్కువగా అందుతుంది. అందుకని నీలాకాశం కూడా తెల్లగా పాలిపోయి పడుతుంది. ఇంకొకడైతే దీన్ని లోపమనుకునేవాడు. యాన్సోన్ దీన్నే వాడుకున్నాడు. ఆకాశమూ మంచూ ఒకే తెలుపైపోయి, మధ్యలో గీతలేని శూన్యంలో మనుషులు మాత్రం మిగులుతారు. గట్టి చలిలో ఫిల్ము పెళుసెక్కి విరుగుతుంది, పొడిగాలికి స్థిర విద్యుత్తు పుట్టి బొమ్మ మీద మెరుపుల్లాంటి మచ్చలు పడతాయి. అవన్నీ దాటుకునే ఈ దృశ్యాలు మనదాకా వచ్చాయి.

వచ్చాయి అనడం కూడా అదృష్టం మీద అన్న మాటే. 1941లో స్వీడన్‌లో నైట్రేట్ నెగటివ్‌లు దాచిన గిడ్డంగి పేలి, మూకీ కాలపు సంపద చాలా భాగం బూడిదైంది. స్టిల్లర్ తీసిన నలభైకి పైగా సినిమాల్లో చాలావాటికి ఇవాళ పేరు తప్ప ఏమీ లేదు. మనవైపు మాట చెప్పక్కర్లేదు. 1921లో వెంకయ్యగారి కొడుకు ప్రకాష్ తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఒక్క రీలు కూడా మిగల్లేదు.

స్టిల్లర్ తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందరికీ ఆ కథే తెలుసు. 1924లో ‘యోస్టా బెర్లింగ్ సాగా’ను రెండు భాగాలుగా తీశాడు. అందులో నాటకబడిలో చదువుకుంటున్న పద్దెనిమిదేళ్ళ అమ్మాయికి వేషమిచ్చాడు. ఆమే గ్రేటా గార్బో. మరుసటి ఏడు ఇద్దరూ హాలీవుడ్ వెళ్ళారు. గార్బో అక్కడ నిలిచింది. స్టిల్లర్‌కు ఆ స్టూడియో పద్ధతులు పడలేదు. 1927లో తిరిగొచ్చి, 1928 నవంబరులో స్టాక్‌హోమ్‌లో కన్నుమూశాడు. నలభై అయిదేళ్ళు. గార్బోను కనిపెట్టినవాడిగానే లోకం అతన్ని తలుచుకుంటుంది. ఒక మనిషికి జరగగల అన్యాయాల్లో ఇదొకటి.

మాస్టారు గీసిన గీత దగ్గర ఆపుతాను. మార్‌స్ట్రాండ్ జనం ఎల్సలిల్ కోసం ఓడ దగ్గరికి నడుస్తారు. నల్ల బట్టల ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఒకరి వెనక ఒకరు. కెమెరా దూరంగా ఉంటుంది, ఎవరి ముఖమూ మనకు దొరకదు. వరస తిన్నగా పోదు, వంకర తిరుగుతుంది, మంచు ఎక్కడ గట్టిగా ఉందో చూసుకుంటూ నడుస్తున్నారు కాబట్టి. ఐసెన్‌స్టైన్ ‘ఇవాన్ ది టెర్రిబుల్’లో మంచు మీద సాగే జనప్రవాహం చూసినవాళ్ళకు ఇది గుర్తుకు రాక మానదు. చనిపోయిన పిల్ల ఆ ఊరిది కూడా కాదు. ఎవరూ లేక వచ్చి, చేపలమ్ముకునేవాడి ఇంట్లో తలదాచుకున్న పిల్ల. అయినా ఊరంతా వచ్చింది.

మాస్టారు పోయిన రోజు నేను ఊళ్ళో లేను. ఆయన్ని మోసుకెళ్తున్నప్పుడు బజారు మలుపు దాకా మనుషులు బారులు తీరారని వాళ్ళమ్మాయి ఫోనులో చెప్పింది. వంకరగా ఉందా వరస అని అడగబోయి మానుకున్నాను.

అమ్మా, ప్రొజెక్టర్ దగ్గర ఉన్నవాళ్ళు ఆ చివరి ముక్క ఒకసారి వేయండి. దానికి ఇప్పటివాళ్ళు కట్టిన సంగీతముంది, సౌండు తీసేయమని ముందే చెప్పాను. వెనక వరసలో పిల్లలు కొంచెం ముందుకు రండి, అక్కడి నుంచి చుక్కల్లాగే కనిపిస్తారు. ఆ లైట్లు ఆర్పేయండి.